బొమ్మ మీది మాట మాటగానే ఉండాలి

మా బడి పిల్లలను రామప్పకు తీసుకెళ్లిన ప్రతిసారీ చేతికి ఒక చిన్న పుస్తకం ఇస్తాం. పదహారు పేజీలు. మధ్య పేజీల్లో మ్యాపు, ఆ తర్వాత గుడి నేలపటం, నాలుగైదు ఫొటోలు. మొదట 2017లో తయారు చేశాం. కిందటి నెల మళ్లీ అచ్చు వేయిద్దామని పాత ఫైలు తెరిచాను. లోపలి పాఠం సవరించడానికి అరగంట కూడా పట్టలేదు. 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చిన సంగతి చేర్చాను, రెండు అచ్చుతప్పులు దిద్దాను, అంతే. మ్యాపు దగ్గర మాత్రం రెండు సాయంత్రాలు కూర్చున్నాను. రెండో సాయంత్రం ముగిసేసరికి కూడా అది బాగుపడలేదు.

ఆ మ్యాపులో రామప్ప గుడి ఉన్న పాలంపేట జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. మేము పుస్తకం వేసిన నాటికి అది నిజమే. 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లా, ఆ రోజు నుంచి భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి 17 నుంచి ములుగు. ఊరు ఉన్నచోటే ఉంది, మూడేళ్లు నిండకముందే జిల్లా రెండుసార్లు మారింది. మ్యాపులో పక్కనే ఉన్న వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అనే పేర్లు కూడా 2021 ఆగస్టులో పోయి హనుమకొండ, వరంగల్ వచ్చాయి.

పేర్లు మార్చడమే కదా, ఎంతసేపు అనుకున్నాను. ఒక పేరు మీద క్లిక్ చేస్తే మ్యాపు మొత్తం ఒకే ముక్కగా పట్టుబడింది. అక్కడ అక్షరాలు లేవు. అక్షరాల ఆకారంలో నల్లని చుక్కలు ఉన్నాయి, అవి గీతల్లోనూ రంగుల్లోనూ కలిసిపోయి ఉన్నాయి. ‘జయశంకర్ భూపాలపల్లి’ అనే పొడవాటి పేరు సరిగ్గా 163వ నంబరు జాతీయ రహదారి గీత మీదుగా పోయింది. పేరు చెరిపితే రోడ్డు చెరిగిపోయింది. రోడ్డు మళ్లీ గీస్తే ఆ ముక్క రంగు మిగతా గీతతో కలవలేదు. ములుగు చుట్టూ కొత్త సరిహద్దు ఎలాగూ గీయాలి, దానికి నేను సిద్ధంగానే ఉన్నాను. కాని నాలుగైదు పేర్ల కోసం పటమంతా మళ్లీ గీయవలసి రావడం నన్ను బాధపెట్టింది. ఎందుకంటే ఆ పేర్లను బొమ్మలో కలిపేయమని 2017లో పట్టుబట్టింది నేనే.

అప్పుడు అలా ఎందుకు పట్టుబట్టానో, ఇప్పుడు దానికి పూర్తిగా ఎదురుగా ఎందుకు నిలబడుతున్నానో రాద్దామని కూర్చున్నాను. ప్రశ్నపత్రాలు, వర్క్‌షీట్లు, చిన్న పుస్తకాలు సొంతంగా తయారు చేసుకునే ఉపాధ్యాయులు మన దగ్గర వేలల్లో ఉన్నారు. అందరం వర్డ్‌లోనో, లిబ్రేఆఫీస్ రైటర్‌లోనో బొమ్మ పెట్టి దాని మీద పేర్లు రాస్తూనే ఉంటాం. అది పాఠం తయారీలో చివరి ఐదు నిమిషాల పని అనుకుంటాం. నేను కూడా చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

గుండె పటం జారిన రోజు

నేను జీవశాస్త్రం చెబుతాను. ఆ పుస్తకానికి ముందు ఏడాది పదో తరగతికి ఒక యూనిట్ పరీక్ష పెట్టాను. ప్రశ్నపత్రం ఇంట్లో వర్డ్‌లో టైపు చేశాను. మధ్యలో గుండె పటం, దాని చుట్టూ పేర్లు రాసిన ఎనిమిది చిన్న పెట్టెలు, అంటే టెక్స్ట్ బాక్సులు, ఒక్కొక్కదాని నుంచి సంబంధించిన భాగం దాకా సన్నని గీత. బాక్సుకు తెల్ల రంగు తీసేయాలి, చుట్టూ గీత తీసేయాలి, అప్పుడే కింద ఉన్న బొమ్మ కనిపిస్తుంది. ఇవన్నీ కష్టపడి నేర్చుకుని చేశాను. నా తెర మీద అది పాఠ్యపుస్తకంలోని పటంలాగే ఉంది.

పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాను. మరోసారి చూసుకోకుండా కాపీలు కట్ట కట్టించుకుని వచ్చేశాను. పరీక్ష మొదలైన పది నిమిషాలకు ముందు బెంచీలోని అమ్మాయి చెయ్యి ఎత్తింది. “మేడం, పుపుస ధమని అని ఉన్న గీత సిర దగ్గర ఉంది” అంది.

పేపరు తీసి చూశాను. బొమ్మ కిందికి జారింది, బాక్సులూ గీతలూ పైనే ఉండిపోయాయి. కర్ణిక పేరుతో ఉన్న గీత గాలిలో ఆగింది. పుపుస ధమని గీత కింద పుపుస సిర వచ్చి నిలిచింది. ఈ పాఠంలో పిల్లలను అన్నింటికన్నా ఎక్కువ తికమక పెట్టేవి ఆ రెండే. ధమనులన్నీ మంచి రక్తాన్ని మోస్తాయని నేర్చుకున్న పిల్లలు పుపుస ధమని దగ్గరికి రాగానే తడబడతారు, ఎందుకంటే అది ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తాన్ని ఊపిరితిత్తులకు తీసుకెళుతుంది. ఆ తేడా చెప్పడానికి నేను రెండు పీరియడ్లు వాడాను. ఆ పాఠాన్ని నా కాగితమే కాదంది.

చెయ్యి ఎత్తిన అమ్మాయి గురించి నాకు దిగులు లేదు. ఎత్తని వాళ్ల గురించే దిగులు. పేపరు మీద అచ్చయింది కాబట్టి అదే సరి అయి ఉంటుందని నమ్మి, తమకు తెలిసిన సరైన జవాబును కొట్టేసి తప్పు రాసిన పిల్లలు ఉన్నారు. ఒకడు కొన్ని నెలల తర్వాత కూడా ఆ కాగితం దాచుకుని తెచ్చి చూపించాడు. “మీరే ఇచ్చారు మేడం” అన్నాడు. వాడిలో కోపం లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

ఏం జరిగిందో తర్వాత అర్థమైంది. నేను వాడిన ఫాంట్ షాపు కంప్యూటర్లో లేదు. దాని బదులు మరో ఫాంట్ వచ్చింది, వరుసల ఎత్తు పెరిగింది. బొమ్మను నేను వరుసలో ఒక అక్షరంలా కూర్చోబెట్టాను, అందువల్ల వరుసలతో పాటు అది కిందికి దిగింది. బాక్సుల స్థానం పేజీ అంచు నుంచి కొలిచినది, అందువల్ల అవి కదలలేదు. ఎవరి నియమాన్ని వారు పాటించారు. ఇద్దరినీ కలిపి కట్టవలసింది నేను, ఆ పని చేయలేదు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఇక మీదట పేర్లు బొమ్మలోనే కలిసి ఉండాలని. కలిసిపోతే జారవు కదా.

డీటీపీ తమ్ముడి వాదన

రామప్ప పుస్తకాన్ని పేజీలుగా పేర్చిన తమ్ముడికి హనుమకొండలో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లిపత్రికల నుంచి కవితా సంకలనాల దాకా ఏళ్ల తరబడి చేస్తున్నాడు. పేజీలు పేర్చడానికి ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేరే వాడతాడు. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత కంపెనీ దాన్ని వదిలేసినా మన అచ్చు ప్రపంచం వదల్లేదు. ‘అను’ ఫాంట్లలో ఆయన కూర్చిన పేజీ చూస్తే ఎందుకు వదల్లేదో తెలుస్తుంది. ఒత్తు కొంచెం పక్కకు పోయినా ఊరుకోడు, లాగి సరిచేస్తాడు.

గుండె పటం సంగతి చెప్పినప్పుడు ఆయన తల ఊపాడు. “అందుకే మేడం, నేను మాటను బొమ్మలో కలిపేస్తాను. ఇక అది ఎక్కడికీ పోదు. మీ ఇంట్లో చూసినా, ప్రెస్సులో చూసినా ఒకేలా ఉంటుంది” అన్నాడు.

ఆయనకు మరో కారణం కూడా ఉంది. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. లోపల ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు ఉంటాయి, వాటికి తెలుగు ముఖం తొడుగుతారు. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే ముఖం ఊడి అర్థంకాని గుర్తులు బయటపడతాయి. నా ల్యాప్‌టాప్‌లో అను లేదు. కాబట్టి నాకు పంపేటప్పుడు ఆయన బొమ్మగా మార్చి పంపేవాడు.

మరి కంప్యూటర్ తెలుగును తెలుగుగానే గుర్తించే యూనికోడ్ వాడవచ్చు కదా అని నేను అడగకపోలేదు. తన పాత ఫొటోషాప్‌లో నా ముందే టైపు చేసి చూపించాడు. రామప్ప అని కొడితే ‘రామప్‌ప’ అని వచ్చింది. ఓరుగల్లు ‘ఓరుగల్‌లు’ అయింది. భారతీయ లిపులను కూర్చడం తెలియని ఆ పాత వెర్షన్లలో ఒత్తులు అలాగే విడిపోయేవి. తెలుగు మీద ప్రేమ ఉన్న మనిషి ఎవరూ ఆ రూపాన్ని అచ్చుకు పంపరు. ఆయన అలవాటు వెనుక ఉన్నది బద్ధకం కాదని నాకు ఆ రోజే తెలిసింది. ఆయన పనిముట్లు మన లిపిని గౌరవించలేదు, ఆయన తన దారి వెతుక్కున్నాడు.

జారదు, ఎక్కడైనా ఒకేలా కనిపిస్తుంది, ఒత్తు విరగదు. ఈ మూడు వాదనలూ నేను ఒప్పుకున్నాను. ఇప్పటికీ వాటిని తేలిగ్గా తీసిపారేయలేను. అయినా ఆ ఏడాది నుంచి ఒక్కొక్కటిగా ఎదురైన అనుభవాలు నన్ను మరోవైపు తిప్పాయి.

మూడంతస్తుల అక్షరం

మొదటిది జిరాక్స్ మిషన్ నేర్పిన పాఠం. పదిహేను సెంటీమీటర్ల వెడల్పు బొమ్మ మీద పన్నెండు పాయింట్ల అక్షరాలు చక్కగా ఉంటాయి. కాగితం మిగల్చడానికి ఆ బొమ్మను ఎనిమిది సెంటీమీటర్లకు కుదిస్తాం. అప్పుడు దానిలో కలిసిన అక్షరం ఆరు పాయింట్ల చిల్లరకు దిగుతుంది. ఇంగ్లిషు అక్షరం ఆ సైజులో కూడా ఎలాగో బతుకుతుంది. మన అక్షరం మూడంతస్తులది. పైన గుడి, మధ్య అసలు అక్షరం, కింద ఒత్తు. ఇల్లు కుదిస్తే మొదట కూలేవి పై అంతస్తూ కింది అంతస్తే.

జిరాక్స్‌కు జిరాక్స్ తీసిన నా వర్క్‌షీటులో ‘ధ’ కింద ఉండే చిన్న గీత మాయమైంది. ధమని ‘దమని’ అయింది. మరుసటి వారం సగం తరగతి నోటుపుస్తకాల్లో ‘దమని’ అని రాసి తెచ్చారు. వాళ్ల తప్పు ఏమీ లేదు, చూసింది చూసినట్టు రాశారు.

అదే పేరు టెక్స్ట్ బాక్సులో ఉంటే, బొమ్మ కుదించినా అక్షరం సైజు తగ్గదు. చోటు చాలకపోతే మాట బయటికి పొర్లుతుంది, రెండో వరుసలోకి విరుగుతుంది, కంటికి పొడుచుకున్నట్టు కనిపిస్తుంది. కనిపిస్తే సరిచేస్తాం. బొమ్మలో కలిసిన మాట ఎవరికీ చెప్పకుండా చిన్నదైపోతుంది. కళ్ల ముందు జరిగే తప్పు నాకు ఎప్పుడూ మేలే. గుండె పటం జారిన తప్పు కూడా అలాంటిదే, ప్రింటు తీశాక ఒక్క నిమిషం చూసి ఉంటే పట్టుకునేదాన్ని.

ఇక్కడ తెలుగుకు మాత్రమే వర్తించే సూచన ఒకటి చెప్పాలి. టెక్స్ట్ బాక్సులో చోటు మిగల్చాలని వరుసల మధ్య దూరాన్ని ఇంత పాయింట్లు అని బిగించకండి. ఇంగ్లిషుకు సరిపోయిన కొలత మన ఒత్తులను అడుగున కోసేస్తుంది. తెర మీద ‘పుష్పం’లో కింది పకారం సగం తెగి కనిపిస్తే కారణం అదే.

ఫోను చదవలేని పటం

రెండోది తొమ్మిదో తరగతి అమ్మాయి నేర్పిన పాఠం. ఆమెకు చూపు చాలా తక్కువ. అన్నయ్య ఫోనులో తెరను చదివి వినిపించే సదుపాయం పెట్టుకుని పాఠాలు వింటుంది. నేను నోట్సు పంపేదాన్ని, ఆమె వినేది. అంతా బాగానే ఉందనుకున్నాను.

ఒకరోజు అడిగింది. “మేడం, పటం చూడండి అని రాశారు. పటం దగ్గరికి వస్తే ఫోను ఏమీ చెప్పడం లేదు.”

నాకు నోట మాట రాలేదు. పటాలు ఆమెకు ఎలాగూ కనిపించవు కదా అని లోలోపల ఎప్పుడో అనుకుని వదిలేశానని ఆ క్షణంలో తెలిసింది. కాని పటంలో ఉన్నవి గీతలు మాత్రమే కాదు. పది పేర్లు ఉన్నాయి. ఆ పది పేర్లను ఆమె వినగలదు. వాటిని చుక్కలుగా మార్చి ఆమెకు అందకుండా చేసింది నేనే. చూపు ఉన్న పిల్లల కోసం చేసిన భద్రత ఆమెకు తలుపు మూసింది.

ఆ రాత్రే బొమ్మలకు వివరణ జోడించడం నేర్చుకున్నాను. బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే ‘ఆల్ట్ టెక్స్ట్’ అని వస్తుంది. అందులో రాసింది కాగితం మీద కనిపించదు, ఫోను మాత్రం చదువుతుంది. పేర్లన్నీ తిరిగి టెక్స్ట్ బాక్సుల్లో పెట్టి, ఇక గెలిచాను అనుకుని పంపాను.

గెలవలేదు. ఫోను బాక్సులను నేను అనుకున్న వరుసలో చదవలేదు. కొన్నింటిని పేరా మధ్యలో చదివింది, రెండింటిని వదిలేసింది. ‘ఎడమ’ ఒకచోట, ‘జఠరిక’ మరోచోట వినిపించాయట. తేలుతూ ఉండే బాక్సు కంటికి బొమ్మ పక్కనే ఉన్నా, ఫైలు లోపల దాని స్థానం వేరు. కాబట్టి మాటను మాటగా ఉంచడం ఒక్కటే సరిపోదని ఒప్పుకోవాల్సి వచ్చింది. మాట మిగతా మాటల వరుసలో ఉండాలి.

అప్పుడు మార్చిన పద్ధతే ఇప్పటికీ పాటిస్తున్నాను. బొమ్మ మీద అంకెలు మాత్రమే ఉంటాయి. 1, 2, 3. బొమ్మ కింద మామూలు వరుసల్లో పేర్లు: 1. బృహద్ధమని, 2. పుపుస ధమని, 3. ఎడమ కర్ణిక. అంకె చిన్నది, జిరాక్స్‌కు తట్టుకుంటుంది. పాత ఫొటోషాప్‌లో కూడా విరగదు. జిల్లా మారినా మారదు. పేరు కింద వరుసలో ఉంది కాబట్టి ఫోను చదువుతుంది, వెతికితే దొరుకుతుంది, తప్పుంటే ఒక్క అక్షరం దిద్దితే చాలు.

ఆమె పక్కన కూర్చునే స్నేహితురాలు నేను చెప్పకుండానే మరో పని చేసింది. అట్ట మీద ఊలు దారం అతికించి గుండె గీత గీసింది. అంకెల చోట బొట్టుబిళ్లలు పెట్టింది. ఒకటికి ఒక బిళ్ల, రెండుకు రెండు. ఫోను “రెండు, పుపుస ధమని” అంటుంటే ఆ అమ్మాయి వేలు రెండు బిళ్లల దగ్గర ఆగింది. నా ఫైలులో పేర్లు బొమ్మలో కలిసే ఉంటే ఆ అట్టకు పని ఉండేది కాదు.

కాని చిన్న పిల్లలకు?

ఇక్కడ నా మీద నాకే ఒక అనుమానం ఉంది, దాన్ని దాచను. బొమ్మ ఒకచోట, పేరు మరోచోట ఉంటే చూసేవాడి మనసు రెండుగా చీలుతుందని జాన్ స్వెల్లర్, రిచర్డ్ మేయర్ వంటి విద్యా మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలా ఏళ్ల కిందటే చెప్పారు. పేరు ఆ భాగం పక్కనే ఉంటే నేర్చుకోవడం తేలికని వాళ్ల ప్రయోగాల సారాంశం. పుస్తకంలో చదివి నమ్మాల్సిన అవసరం కూడా నాకు లేదు. ఆరో తరగతికి ఆకు పటం అంకెలతో ఇచ్చి చూశాను. పిల్లల తలలు పైకీ కిందికీ ఊగాయి. 4 అంటే ఏమిటో కింద చూసి పైకి వచ్చేలోపు అది 4 అన్న సంగతే మరిచిపోయారు. ఒక పాప విసుగెత్తి పెన్సిలుతో పేర్లన్నీ తెచ్చి బొమ్మ మీదే రాసుకుంది. ఆ పాప నాకన్నా మంచి పటం తయారు చేసింది.

అందువల్ల అంకెలే సరి, పేర్లు తప్పు అని నేను అనను. చిన్న తరగతులకు, మొదటిసారి చెప్పే పాఠానికి పేరు బొమ్మ మీదే ఉండాలి. కింద వరుసల్లో కూడా ఉండాలి. రెండుసార్లు టైపు చేయడం శ్రమే. పరీక్షకు, పునశ్చరణకు అంకెలు చాలు. మ్యాపుకు మాత్రం అంకెలు పనికిరావు. ఊరి పేరు ఊరి మీదే ఉండాలి, లేకపోతే అది మ్యాపు కాదు.

బొమ్మ మీదే పేరు ఉండాల్సిన చోట దాన్ని కట్టిపడేసే మార్గాలు ఉన్నాయి. వర్డ్‌లో బొమ్మ వరుసలో భాగంగా ఉన్నంతకాలం బాక్సులతో కలిసి గ్రూప్ కాదు. చుట్టూ పాఠం పారేలా దాని అమరిక మార్చి, అన్నింటినీ కలిపి ఎంచుకుని గ్రూప్ చేయాలి. గ్రూప్ చేశాక ఆ మొత్తాన్ని తిరిగి వరుసలో కూర్చోబెట్టవచ్చు, అప్పుడు జారినా అన్నీ కలిసే జారతాయి. నేను వాడే రైటర్‌లో ఫొటోనూ టెక్స్ట్ బాక్సునూ నేరుగా గ్రూప్ చేయనివ్వదు. అందుకని దాని తోబుట్టువు డ్రాలో పటమూ పేర్లూ పేర్చి, అక్కడ గ్రూప్ చేసి తెచ్చుకుంటాను. ఫాంట్‌ను ఫైలులోనే పొదిగి పంపే సదుపాయం రెండింటిలోనూ ఉంది. అది నాకు ముందే తెలిసి ఉంటే ఆ గుండె పటం జారేది కాదు. ప్రెస్సుకు, జిరాక్స్ షాపుకు పీడీఎఫ్ వెళ్లాలి. మార్చుకోవడానికి వీలైన అసలు ఫైలు బడిలో ఉండాలి. పీడీఎఫ్ చేతికొచ్చాక అసలు ఫైలును పారేసుకోవడం మన దగ్గర చాలా మామూలు, నా మ్యాపు విషయంలోనూ అదే జరిగింది.

బొమ్మ కింద రాసే వాక్యం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ‘పటం 3’ అని చేత్తో కొట్టకండి, క్యాప్షన్ అనే ఏర్పాటునే వాడండి. మధ్యలో ఒక పటం తీసేస్తే మిగతా అంకెలు సర్దుకుంటాయి. వర్డ్‌లో ఒకసారి అంతా ఎంచుకుని ఎఫ్9 నొక్కాలి, అంతే.

చేర్యాల పటం మీద అక్షరాలు లేవు

మా తెలుగు మాస్టారు ఇదంతా విని ఒక మాట అన్నారు. “చేర్యాలలో గుడ్డ మీద వేసే నకాషీ పటాల మీద ఎవరైనా పేర్లు రాశారా అమ్మా? ఎర్రటి నేల మీద అన్ని బొమ్మలు. ఎవరు ఎవరో జనం గుర్తుపట్టలేదా? బొమ్మ బాగుంటే పేరుతో పనేమిటి?”

ఆ ప్రశ్న నన్ను కొన్ని రోజులు వదల్లేదు. నేను చూసిన పాత పటాల మీద నిజంగానే అక్షరాలు లేవు. కాని ఆ పటం ఒంటరిగా ఏనాడూ ఊళ్లోకి రాలేదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వారు పటంతో పాటు వచ్చేవారు. బొమ్మను చూపుతూ కథ చెప్పేవారు, పాడేవారు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగల వారూ అంతే. పటం మీద మాటలు లేవన్నది నిజం. పటం పక్కన మాటలు లేవన్నది నిజం కాదు. అవి మనిషి నోట్లో ఉన్నాయి. వినేవాళ్లు పిల్లలైతే విడమరిచి చెప్పడానికి, తెలిసిన పెద్దలైతే క్లుప్తంగా దాటడానికి వీలుండేది. బొమ్మ తరాల పాటు అదే, మాట మాత్రం ప్రతి రాత్రి కొత్తగా పుట్టేది.

మాస్టారు నా వాదనకు ఎదురు చెప్పాలని తెచ్చిన ఉదాహరణ చివరికి నా పక్షానే నిలిచిందని నాకు అనిపిస్తుంది. నకాషీ వారు మాటనూ బొమ్మనూ పక్కపక్కన ఉంచారు, ఒకదానిలో ఒకటి కరిగించలేదు. మన వర్క్‌షీటు వెంట కూనపులి కథకుడు వెళ్లడు. ఇంటికి వెళ్లిన కాగితానికి తోడు కాగితమే. అందుకే దాని మీద మాటలు మనమే రాయాలి, మార్చుకునే వీలుతో రాయాలి.

ఒక మినహాయింపు ఒప్పుకుంటాను. గోడ మీద నినాదం రాసే చిత్రకారుడి అక్షరం, పోస్టరు మీద కుంచెతో వేసిన పేరు బొమ్మలో భాగమే. అక్కడ అక్షరం ఆకారమే అసలు విషయం. దాన్ని ఏ ఫాంట్‌తోనూ మార్చమని నేను అడగను. గుండె పటం మీద ‘కర్ణిక’ అనే మాట అలాంటిది కాదు.

కొత్త మ్యాపు

మూడో సాయంత్రం పాత మ్యాపును మూసేశాను. డ్రాలో కొత్తగా గీశాను. సరిహద్దులు ఒక పొర, రోడ్లూ చెరువులూ ఒక పొర, అన్నింటి పైన పేర్లు. ప్రతి పేరూ యూనికోడ్‌లో, విడి టెక్స్ట్ బాక్సులో. ఫాంట్ పోతన. బమ్మెర పోతన పేరు పెట్టుకున్న అక్షరాలతో ఈ ప్రాంతపు మ్యాపు రాయడం నాకు ఇష్టంగా అనిపించింది.

డీటీపీ తమ్ముడికి పీడీఎఫ్‌తో పాటు అసలు ఫైలు కూడా తీసుకెళ్లాను. ఆయన చాలాసేపు ఏమీ అనకుండా పెద్దది చేసి ఒత్తులన్నీ చూశాడు. “విరగలేదు” అన్నాడు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని పని మొదలుపెట్టాడు. జిల్లాల పేర్లకు మండలి ఫాంట్ పెట్టి చూశాడు, సురవరం పెట్టి చూశాడు, ఊళ్ల పేర్లను పోతనలోనే ఉంచాడు. లక్నవరం పేరును చెరువు ఒడ్డుకు జరిపాడు. రోడ్డు మీద పడిన పేర్లను పక్కకు తప్పించాడు. గంటలో నా మ్యాపు నా చేతిలో ఉన్నప్పటి కన్నా ఎంతో అందంగా తయారైంది. ఆయన కన్ను, ఆయన చెయ్యి ఆ పేర్ల మీద పనిచేయగలిగాయి. 2017 నాటి బొమ్మలో అయితే ఆయనకు కూడా ఏమీ చేయడానికి ఉండేది కాదు. “ఈ మ్యాపు వరకు మీ పద్ధతే మేడం” అన్నాడు. పుస్తకమంతా అలా చేయడానికి ఆయన ఇంకా ఒప్పుకోలేదు. నేనూ తొందరపెట్టడం లేదు.

ఆ ఫైలును బడి కంప్యూటర్లో పెట్టాను. రామప్పకు వెళ్లే ముందు రోజు ఎనిమిదో తరగతి పిల్లలు దాన్ని తెరిచి తమ ఊళ్లు వెతుక్కుంటున్నారు. ఒక అమ్మాయిది తండా. 2018లో పంచాయతీలుగా మారిన తండాల్లో అదొకటి. మ్యాపులో ఆ పేరు లేదు, నేను పెట్టలేదు. ఆమె నన్ను అడగలేదు. పక్క ఊరి పేరున్న బాక్సును కాపీ చేసింది, లోపలి మాట చెరిపి తన తండా పేరు టైపు చేసింది. మొదట రోడ్డుకు ఈవల పెట్టింది. కాసేపు తెరను చూసి, ఆవలికి జరిపింది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి, “మేడం, ప్రింటు ఎప్పుడు తీస్తారు?” అని అడిగింది.